గ్వెండా దించిన చెయ్యి

ఆలిచిప్పల లారీ ఫ్రాన్స్ రేవు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తలుపు తీయగానే కుళ్ళు కంపు షెడ్డంతా కమ్మేసింది.

"పారలు పట్టి ఎత్తిపోయండి. దీనికి కూలి లేదు" అన్నాడు యజమాని ప్రిచర్డ్. "ఐరోపా కూటమిలోంచి పోదామని ఓటేసింది మీరే. అనుభవించండి."

ఆ ఓటు వెయ్యమని షెడ్డు నెత్తిన బ్యానరు కట్టింది తనే. ఆ మాట మాత్రం ఎత్తడు, సిగ్గులేని మనిషి! ఇన్నాళ్ళూ ఈ వేల్స్ తీరపు చిప్పలు ప్రాణంతో అటు వెళ్ళి, అక్కడి తొట్లలో శుభ్రమయ్యేవి. ఇప్పుడు కూటమి బయటివాళ్ళ సరుకు శుభ్రం కాకుండా అక్కడి గడప దాటకూడదట. ఇక్కడే తొట్లు కట్టించడం ప్రిచర్డ్‌కి బరువు, మనుషుల్ని తీసెయ్యడం తేలిక. నలుగుర్ని తీసేస్తున్నాడు. నలుగురూ వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళే.

గ్వెండా ముక్కుకి గుడ్డ కట్టుకుని పార పట్టింది. పక్కనే లిథువేనియా నుంచి వచ్చిన డైవా. పన్నెండేళ్ళుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర చిప్పలు ఏరుతున్నారు. రేపటితో డైవా పని ఆఖరు. దానికి ఒప్పుకుందామని కిందటి వారం కూలీల సంఘంలో చెయ్యెత్తి తీర్మానం పెట్టింది గ్వెండాయే. మిగిలిన పాతికమందికైనా పని ఉంటుందనుకుంది. డైవా తన పారతో గ్వెండా వైపు గుట్ట కూడా ఎత్తిపోస్తోంది.

మధ్యాహ్నం టీ వేళ షెడ్డు వెనక సంఘం కూడింది. దేశం మళ్ళీ కూటమిలో చేరే వీల్లేదా అని ఒకరడిగారు. కార్యదర్శి ఎమ్రిస్ ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఇంకా పూర్తిగా బయటికి పోకముందు, వాకిట్లో ఉండగా అయితే మనంతట మనమే వెనక్కి తిరిగేవాళ్ళమన్నాడు. తలుపు మూసుకున్నాక కొత్తవాళ్ళలా అర్జీ పెట్టుకోవాలి, కూటమిలోని ఇరవై ఏడు దేశాలూ సరేననాలి, ఏళ్ళు పడుతుంది.

"దేశం సంగతి సరే. నా సంగతి మీ చేతుల్లోనే ఉందిగా" అంది డైవా.

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. తీర్మానం పెట్టినవాళ్ళే చేపల పెట్టె ఎక్కి, టోపీ తీసి, తప్పయిందని ఒప్పుకుంటేనే అది రద్దవుతుంది. ముప్పై ఏళ్ళలో ఎవరూ ఎక్కలేదు.

గ్వెండా ఎక్కింది. టోపీ తీసింది.

"నేను రెండుసార్లు తప్పు చేశా. ఒకటి ఓటు కాగితం మీద వేశా. దాన్ని తిప్పాలంటే ఇరవై ఏడు దేశాలు ఒప్పుకోవాలి. రెండోదానికి ఇక్కడ ఈ చెయ్యెత్తా. దీన్ని దించడానికి ఎవడి ఒప్పుదలా అక్కర్లేదు."

తీర్మానం రద్దయినా నలుగుర్నీ ఉంచుకోనన్నాడు ప్రిచర్డ్. మర్నాడు పొద్దున్నే కుళ్ళిన చిప్పలన్నీ ప్రిచర్డ్ గది ముందు గుట్టపడ్డాయి. డైవా అందరితో పాటే గేటుకి అడ్డంగా కూర్చుంది. పోలీసులొచ్చి ఇదెవరి పని అని గద్దించారు. నాదేనంటూ లేచింది గ్వెండా. సంకెళ్ళు వేసి వ్యానెక్కించారు.

ఈసారి పెట్టె ఎక్కింది ఎమ్రిస్. గ్వెండా వచ్చేదాకా, నలుగురికీ పని దక్కేదాకా ఎవరూ చిప్ప ముట్టకూడదన్నాడు. గొంతు సవరించుకుని ఇంకో మాట చేర్చాడు.

"కూటమిలోకి మళ్ళీ అర్జీ పెట్టాలని కూడా రాసుకోండి. పదేళ్ళు పడితే పడనీ. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

అన్ని చేతులూ లేచాయి. వ్యాను కిటికీలోంచి గ్వెండా చూసింది. సంకెళ్ళతో ఒక చెయ్యి ఎత్తడం కుదరలేదు. రెండూ ఎత్తింది.