అక్క పేరు మీద ఇచ్చిన శాంపిల్

సత్యవాణికి జ్వరం వచ్చి తగ్గి పన్నెండు రోజులైంది. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, కరోనా టెస్టూ చేయించుకోలేదు. మస్కట్‌లో ఆమె పనిచేసే ఇంటివాళ్ళు ఇచ్చిన సెలవు అయిపోవచ్చింది. ఇరవయ్యో తేదీలోపు అక్కడ దిగకపోతే వీసా పోతుంది. వీసా పోతే హాస్టల్లో ఉన్న కూతురు హారతి నర్సింగు చదువు ఆగిపోతుంది. మొగుడనేవాడు ఎప్పుడో వదిలేసి పోయిన ఆ ఇంట్లో అంతకు మించి సంపాదన లేదు.

విమానం ఎక్కాలంటే డెబ్బై రెండు గంటల లోపు చేయించుకున్న టెస్టులో నెగెటివ్ రావాలి. టికెట్లు చూసే గంగాధర్ గారు ఇంకో మాట కూడా చెవిన వేశారు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకి నెల దాకా పాజిటివే చూపిస్తుందట. అది విన్నాక సత్యవాణికి అన్నం సహించలేదు.

ఆలోచించగా ఆలోచించగా ఆమెకు తట్టిన ఉపాయం చెల్లెలు వెంకటదుర్గ. పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, ఆరేళ్ళుగా అక్క కూతుర్ని పెంచుతూ, అంతర్వేది పల్లిపాలెంలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆమెకు ఒక్క తుమ్మైనా రాలేదు. ఇద్దరిదీ ఒకే పోలిక, పైగా మొహానికి మాస్కు. ఆధార్ కార్డులో ఫొటో అసలు మనిషినే పోలదు, ఇక చెల్లెల్ని పోలకపోతే అడిగేదెవరు? పుల్ల పెట్టి తిప్పడానికి ముక్కెవరిదైతేనేం అనుకుంది మహాతల్లి. దుర్గ సరేనంది. అక్క అడిగితే ఆమె ఏనాడూ కాదన్నది లేదు.

రాజోల్లో లాబ్‌కి ఆటోలో వెళ్తుంటే, దారిలో ఇచ్చిపోదామని తెచ్చిన చేపల సంచి ఒళ్ళో పెట్టుకుని దుర్గ నవ్వింది.

"నిన్నట్నించి ఎండుచేపలు కూడా వాసన రావట్లేదే అక్కా."

"నీకలవాటైపోయింది లేవే," అంది సత్యవాణి.

వాసన పోవడమంటే ఏంటో అప్పటికి లోకమంతటికీ తెలుసు. సత్యవాణికీ తెలుసు. తెలిసీ ఆ మాట చెవికి ఎక్కించుకోలేదు. ఆమె ప్రాణమంతా టికెట్ మీదే ఉంది.

మర్నాడు ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. పేరు సత్యవాణి. పాజిటివ్.

ఆశా కార్యకర్త వచ్చి, సత్యవాణిని గది దాటి రావద్దని చెప్పి, మందుల సంచి ఇచ్చి వెళ్ళింది. రెండు రోజులు సత్యవాణి ఆ గదిలో కూర్చుని టికెట్ కోసం, వీసా కోసం ఏడ్చింది. ఆ రెండు రోజులూ దుర్గ గుమ్మంలో అక్కకి అన్నం పెడుతూ, ఎండలో చేపలు తిరగేస్తూ, దగ్గుతూ తిరిగింది. రోగం దొరికింది ఎవరి ముక్కులోనన్నది సత్యవాణికి తట్టనే లేదు. మూడో రోజు పొద్దున చేపల పక్కనే దుర్గ కూలబడి, గాలి అందక నోరు తెరిచినప్పుడు తట్టింది. అప్పుడు తన చెంపలు తనే వాయించుకుంది. ఆ పాటి బుద్ధి రెండు రోజుల ముందు రాకూడదూ?

108 అంబులెన్సు ఇద్దర్నీ రాజమండ్రి చేర్చింది. ఆస్పత్రిలో రిపోర్టు ఉంటేనే మంచం ఇస్తామన్నారు. దుర్గ పేరున రిపోర్టు లేదు, కొత్తగా చేయిస్తే రెండు రోజులు పడుతుందట. సత్యవాణి ఫోన్ తీసి తన రిపోర్టు చూపించింది. తన ఆధార్ కార్డు కూడా ఇచ్చేసింది. దాంతో మస్కట్ మాట ఇక మర్చిపోవాల్సిందేనని ఆమెకు తెలుసు. ఈసారి దానికోసం ఏడవలేదు.

స్ట్రెచర్ లోపలికి తోస్తుంటే దుర్గ మాస్కు పక్కకి జరిపింది.

"హారతికి చెప్పకే, పరీక్షలు అవనీ."

ఆస్పత్రి బయట రేకుల షెడ్డు కింద సత్యవాణి ఐదు రోజులు కూర్చుంది. ఆరో రోజు మధ్యాహ్నం ఒకతను కాగితాలతో వచ్చి, సత్యవాణి తాలూకు ఎవరని అడిగాడు. ఆమె లేచి నిలబడింది.

"చనిపోయారండి," అన్నాడతను తల వంచుకుని. "మీరేమవుతారు?"

నిజం చెప్తే శవాన్ని ఇవ్వరేమోనని ఆమెకు భయం వేసింది. "చెల్లెల్నండి," అంది.

అతను కాగితం అందించాడు. సత్యవాణి, వయసు నలభై ఒకటి, మృతి అని రాసి ఉంది. సత్యవాణి ఆ మాటలు రెండుసార్లు చదువుకుని, కింద వెంకటదుర్గ అని సంతకం పెట్టింది. ఇక సర్కారు లెక్కలో దుర్గ బతికే ఉంటుంది.