ఆకురాయి పట్టిన ఉత్తమ నటుడు

మా బావమరిది పుల్లగాడిలాంటి నమ్మకద్రోహి ఇంకొకడు పుట్టడు. ఈ వారం పేపర్లన్నీ వాడికి నాలుగు మాటల పొడుగు పేరు వేశాయి, ప్రపంచ సినిమా పోటీల్లో ఉత్తమ కథానాయకుడి బహుమతి కొట్టాడని. మా ఇంట్లో వాడు పుల్లే. తల్లి పోతే మా ఆవిడే చంకనేసుకుని పెంచింది. మా పెళ్లైన నాటి నుంచీ నా కంచం పక్కనే వాడి కంచం. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, వీడు లెక్కతో ఊరుకోలేదు, పీకి పట్టుకుపోయాడు.

రెండేళ్ల కిందట సంచి తగిలించుకుని దిగాడు. సినిమాలో కలప కోసేవాడి వేషం దొరికిందట. నెల రోజులు నాతో మిల్లుకి వస్తానన్నాడు.

"నువ్వు అటు రాకురా, పుల్ల అనుకుని ఎవడో పొయ్యిలో పెడతాడు" అన్నాను.

"ఇన్నేళ్లుగా అక్కడ నువ్వు మొద్దులా నిలబడ్డావు, నిన్నెవరైనా కోశారా బావా?" అన్నాడు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్లుగా రంపం దగ్గరే ఉన్నాను. నా పని ఎలా చేస్తావని ఒక్కడూ అడగలేదు. వీడు అడిగాడు. ఎలా నిలబడతాను, కంట్లో పొట్టు పడితే ఏ చేత్తో తుడుచుకుంటాను, అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం మిషను ఆపి రంపానికి పదును పెడుతున్నాను. బల్లకు రంపం బిగించి, ఆకురాయితో ఒక పన్ను రాసి, పక్కది విడిచి, ఆ పైది రాయాలి. కొసదాకా వెళ్లాక రంపం తిప్పి బిగించి, విడిచినవి రాయాలి. ఒక వైపే రాసి వదిలేస్తే రంపం పక్కకి లాగుతుంది, చెక్క వంకర పోతుంది. వాడు కాసేపు చూసి అడిగాడు.

"పాప పోయిన రోజు నీకు కబురొచ్చినప్పుడు, నీ చేతులు ఏం చేస్తున్నాయి బావా?"

పాప నా కూతురు. ఏడేళ్లది. పోయి అప్పటికి పద్నాలుగేళ్లు. జ్వరం ముదిరితే ఆసుపత్రిలో చేర్చాం, మా ఆవిడ దగ్గరుంది. వెంటనే రమ్మని మిల్లుకి ఫోనొచ్చింది. ఓనరు పరుగున వచ్చి తన స్కూటరు తాళం నా చేతిలో పెట్టి, పొమ్మన్నాడు. నేను పోలేదు. రంపం ఒక వైపే అయింది, రెండో వైపు కూడా రాసి పోదామనుకున్నాను. వెళ్తే పాపని ఆ స్థితిలో చూడాలి కదా. గంట పట్టింది. వెళ్లేసరికి దుప్పటి కప్పేశారు. మా ఆవిడకి ఏం చెప్పాలో తోచక, లోడు కోసేదాకా ఓనరు కదలనివ్వలేదని చెప్పాను.

ఆ మాట ఆవిడ గుండెలో మేకులా దిగింది. ఓనరుని తిట్టుకోని రోజు లేదు. ఆయన చెవినా పడింది. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు, కాదని ఎవరితోనూ అనలేదు. ఆయన చనిపోయినప్పుడు కూడా మా ఆవిడ ఆ వీధి తొక్కలేదు. ఆయన భార్య బజారులో పలకరిస్తే నలుగురిలో నానా మాటలూ అంది. ఆ ముసలావిడ ఎందుకో తెలియక కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయిందట. నేను విని ఊరుకున్నాను.

ఇదంతా పుల్లకి చెప్పాను. ఆకురాయి చేతిలోనే ఉంది కనక చేసి చూపించాను కూడా. తరవాత భయం వేసి, అక్కకి చెప్పొద్దన్నాను. నా నోటి వెంట రాదు బావా అన్నాడు.

సినిమా ఇక్కడ ఆడలేదు, పోటీలకని దేశాలు తిరిగింది. మొన్న ఆదివారం పొద్దున ఆ సభ టీవీలో వస్తుంటే ఇరుగుపొరుగంతా మా ముందుగదిలో చేరారు. పేరు పిలిచే ముందు ఒక్కొక్క నటుడి సినిమా నుంచి ఒక ముక్క వేస్తారట. వాడిదీ వేశారు. మాసిన నా చొక్కా లాంటి చొక్కాలో పుల్లగాడు బల్ల ముందు నిలబడ్డాడు. ముసలి ఓనరు వచ్చి, నీ బిడ్డరా, పరిగెత్తు అని బండి తాళం చేతిలో పెట్టాడు. వీడు దాన్ని బల్ల మీద పెట్టి, రంపం తిప్పి బిగించాడు. ఒక పన్ను రాశాడు. ఒకటి విడిచాడు. నాలాగే బొటనవేలు నాలుకకి అద్దుకున్నాడు. కంట్లో చుక్క నీరు లేదు.

వాడి పేరే పిలిచారు. బహుమతి బొమ్మ పట్టుకుని మన మాటలోనే అన్నాడు, ఇది మా బావది, ఆయన చేసిందే నేను చేశాను అని. పొరుగువాళ్లు నా వీపు తట్టారు. మా ఆవిడ టీవీ వైపు చూడటం లేదు. నా చేతుల్ని చూస్తోంది.

అందరూ వెళ్లాక అడిగింది. "తాళం ఇచ్చాడా?"

సినిమావాళ్లు సవాలక్ష కల్పిస్తారన్నాను.

"వాడికి కల్పించడం రాదు. చూసింది చెయ్యడమే వచ్చు. ఇచ్చాడా, లేదా?"

ఇచ్చాడన్నాను.

చెప్పులేసుకుని ఓనరు ఇంటికి పోయింది. ఆ ముసలావిడ ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చిందట. వచ్చాక నాకు అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కునేదాకా గుమ్మంలో నిలబడింది. తిట్టినా పడేవాణ్ణి.

"ఇల్లు మా నాన్న ఇచ్చింది. మీరు వెళ్లండి" అంది.

ఇప్పుడు మిల్లులో చెక్కల షెడ్డులో పడుకుంటున్నాను. పుల్లకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నేను అక్కకి ఒక్క మాటా చెప్పలేదు బావా అని ఏడ్చాడు. చెప్పలేదు, నిజమే. వాడికి దక్కింది జానెడు బొమ్మ. నాకు పోయింది, నేను కోసి ఎక్కించిన వాసాలతో, పాపకి అందాలని గడియ కిందకి బిగించిన తలుపుతో సహా, ఎనభై ఆరు గజాల ఇల్లు.