తాళం వేసి వచ్చిన ఆఫీసు

విశ్వనాథం ఉత్త మొండిఘటం. సింగపూర్ విమానం ఎక్కుతూ కూడా ఊళ్లో కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు తాళంచెవి ఎవరి చేతిలోనూ పెట్టలేదు. మొలతాడుకి కట్టుకుని మరీ వచ్చాడు. ఇస్తే ఇంకేమైనా ఉందా! పార్టీలో ఉండే కుర్రాడు బాబ్జీ మీటింగు పెడతాడు, తోటి కుర్రాళ్లు చేతులెత్తి వాణ్ణే కార్యదర్శిని చేస్తారు. తాళం పడి ఉంటే మీటింగూ లేదు, ఎన్నికా లేదు. తను తిరిగి వెళ్లేదాకా తన కార్యదర్శి కుర్చీకి ఢోకా లేదని ఆయన ధీమా.

సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్ అనే పేటలో కూతురు అరుణ ఫ్లాట్. కంప్యూటర్ తెలిసినవాళ్లను ఎక్కడెక్కడినుంచో పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. అరుణ ఆఫీసులో అలెక్సీ అనే రష్యన్ ఉన్నాడు. అతను ఆదివారం భోజనానికి వస్తున్నాడనగానే పెద్దాయనకు కాలు నిలవలేదు. సోవియట్ యూనియన్‌ని బయటి శత్రువులే కూల్చారని ఏళ్ల తరబడి కుర్రాళ్లకు గొంతు చించుకుని చెప్పాడు. ఆ మాట అక్కడివాడి నోట వింటే జన్మ ధన్యమే!

అలెక్సీ గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే విశ్వనాథం పిడికిలి ఎత్తి "లాల్ సలాం, కామ్రేడ్!" అన్నాడు. అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"నాన్నా, ప్లీజ్! ముందు తిననివ్వండి" అంది అరుణ.

ఆగితేగా! పప్పన్నం కలుపుతూనే అడిగేశాడు, మీ దేశాన్ని కూల్చిందెవరని. అలెక్సీ ఇంగ్లీషులో మెల్లగా చెబుతుంటే అరుణ తెలుగులో చెప్పింది.

"వాళ్ల నాన్నగారు కూడా వాళ్ల ఊళ్లో పార్టీ కార్యదర్శేనట నాన్నా. పార్టీ పని అయిపోయిందని తెలిసినరోజు, జనం మీద పడతారనుకుని ఆఫీసులోనే కాపలా కూర్చున్నారట. పగలగొట్టడానికి ఎవరూ రాలేదట. కాపాడటానికీ ఎవరూ రాలేదట. చీకటిపడ్డాక ఆయనే తాళం వేసుకుని ఇంటికొచ్చేశారట."

"మరి శత్రువులో?"

అలెక్సీ కంచంలోకి చూస్తూ ఏదో అన్నాడు. అరుణ నాన్నవైపు చూడకుండా తెలుగులో చెప్పింది.

"శత్రువులు వచ్చి ఉంటే వాళ్ల నాన్నగారు సంతోషించేవారట."

విశ్వనాథం ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి దానంతటదే నడుము దగ్గరి తాళంచెవి మీదికి పోయింది. అతిథి వెళ్లాక కూతురి చేత ఊరికి ఫోన్ చేయించాడు.

"బాబ్జీ, తప్పు చేశానురా. తాళం పగలగొట్టు. మీటింగు పెట్టుకోండి. మీరు ఎవర్ని ఎన్నుకుంటే వాడే కార్యదర్శి."

అవతల బాబ్జీ తడబడ్డాడు. "తాళమా? ఆఫీసుకి తాళం వేసుందా బాబాయ్? మీరెళ్లాక నేను అటేపే పోలేదండీ. ఎవరూ చెప్పనూ లేదు."

కుర్చీ లాగేస్తాడని తను భయపడ్డది వీడికా! విశ్వనాథానికి దుఃఖం ముంచుకొచ్చింది.

"ఒక్కసారి వెళ్లి చూడరా బాబ్జీ" అని బతిమాలాడు.