సబ్బు కుడివైపున

ఆఫీసులో అందరూ ఆమెను కుళాయిలక్క అనేవారు. ఆ ఆర్కిటెక్టుల ఆఫీసులో భవనాల ముఖభాగాలు గీసేవాళ్ళు వేరు, మెట్లూ లిఫ్టులూ చూసేవాళ్ళు వేరు. బాత్‌రూముల్లో ఏ కుళాయి ఉండాలి, ఏ బేసిన్ ఉండాలి, అద్దం ఎంత ఎత్తున బిగించాలి అన్నవి తేల్చి రాసిపెట్టడం ఆమె వంతు. కోడలిది ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే, ఆమె నోరు విప్పేలోపే మామగారు అందుకుని, "మా కోడలు ఎంత గొప్పవాళ్ళ చేతనైనా చేతులు కడిగిస్తుంది" అనేవారు.

ఆ ఏడాది ఆమె చేతికి కొత్త బస్సు టెర్మినల్ పని వచ్చింది. వేలమంది వచ్చిపోయే చోటు కాబట్టి అన్నీ చెయ్యి తగలకుండా పనిచేసేవే పెట్టాలన్నారు. చెయ్యి కింద పెడితే సెన్సర్ కనిపెట్టి ఇంత సబ్బు పోసి ఊరుకునే డిస్పెన్సర్లు. వినడానికి చిన్న సంగతే గానీ, రాయడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకొచ్చింది. బ్యాటరీలు పెట్టాలా, కరెంటు తీగ లాగాలా? సబ్బు అయిపోతే పైనుంచి పోసుకోవాలా, సంచీకి సంచీ మార్చాలా? పోసుకునేదైతే అడుగున పాత సబ్బు కుళ్ళి వాసనేస్తుంది. బేసిన్లు అమర్చిన మెరిసే గట్టుకు మరీ దగ్గరగా బిగిస్తే, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆ మెరుపు చూసి సబ్బు కార్చేస్తుంది. ఇవన్నీ బేరీజు వేసి చివరికి సంచీలు మార్చేవి, గోడకు బిగించేవి, రెండు బేసిన్లకు ఒకటి చొప్పున అని రాసింది. శుభ్రం చేసేవాళ్ళకు సులువు, గట్టు మీద మరకలుండవు. పెద్దసారు చూసి బాగుందన్నారు.

ఇంట్లో ఉండేది ఆమే, మామగారే. భర్త దూరంగా ఎక్కడో వంతెన కట్టే పనిలో ఇంజనీరు, వీలు చిక్కినప్పుడు వచ్చిపోయేవాడు. అత్తగారు పోయి చాలాకాలమైంది. మామగారు ఒకప్పుడు డ్రైవింగ్ స్కూలు నడిపారు. పక్క సీట్లో కూర్చుని "క్లచ్! క్లచ్!" అని ఆయన పెట్టే కేక నాలుగు వీధులకు వినపడేది. అలా ఆయన క్లచ్ మాస్టారయ్యారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికీ ఆయనే బండి నేర్పారు. తొలిరోజే ఆమె గేటును గుద్దేస్తే, కొడుకు గయ్యిమని బయటికొచ్చాడు. "గేటే ముందుకొచ్చిందిరా, నేను చూశానుగా" అని మామగారు ఆమెను వెనకేసుకొచ్చారు. ఆ రోజు నుంచి మామా కోడళ్ళది ఒకటే జట్టు.

తర్వాత ఆయనకు కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బొకటి పట్టుకుంది. అది ఆయన చూపును పక్కల నుంచి కొంచెం కొంచెంగా తినుకుంటూ వచ్చి చివరికి మొత్తం ఆర్పేసింది. ఆయన కుంగిపోయి కూర్చోలేదు. ఇంట్లో తన పనులన్నీ తనే చేసుకునేవారు, పొద్దున్నే చేతికర్ర పట్టుకుని పాత స్నేహితుడితో కలిసి నడకకు వెళ్ళేవారు. కార్లో కోడలి పక్కన కూర్చుంటే ఇంజను చప్పుడు విని, "గేరు మార్చు తల్లీ, బండి ఏడుస్తోంది" అనేవారు.

ఒక ఆదివారం ఆయనకు చెప్పులు కొందామని ఆమె పెద్ద షాపింగ్ బిల్డింగుకు తీసుకెళ్ళింది. చెప్పులు కాళ్ళకు వేసి చూస్తుండగా ఆయన ముఖం అదోలా అయింది. ఏమైందంటే ఏం లేదన్నారు. కాసేపటికి ఇక ఆపుకోలేక, "అమ్మాయ్, బాత్‌రూము ఎటుంది?" అని గొంతు తగ్గించి అడిగారు.

మగవాళ్ళ బాత్‌రూము తలుపు దాకా తీసుకెళ్ళింది. "ఎవరినైనా తోడు రమ్మంటాను మామయ్యా."

"వద్దొద్దు. నేనేమన్నా చంటిపిల్లాడినా?" అని, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని కర్ర ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళారు.

ఆమె బయట నిలబడింది. మగవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు, తలుపు పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని వింతగా చూస్తున్నారు. ఆయన ఎంతకీ రాలేదు. లోపల ఎవరో గట్టిగా అరిచినట్టు వినిపించింది, వెంటనే ఎవరో నవ్వారు. పిలుద్దామా వద్దా అని ఆమె తటపటాయిస్తుండగానే ఆయన భుజంతో గోడను రాసుకుంటూ బయటికొచ్చారు. ఒక చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది. పిడికిళ్ళు రెండూ బిగించి, ఒంటికి తగలనివ్వకుండా ముందుకు చాపుకుని ఉన్నారు.

"పద" అన్నారంతే.

చెప్పులు కొనలేదు. కార్లో సీటుబెల్టు ఆమే పెట్టింది. దారి పొడుగునా ఆయన దేనిమీదా చెయ్యి ఆనించలేదు, గేర్ల మాట ఎత్తలేదు. ఇంటికి రాగానే పెరటి బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకున్నారు. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన గడప దాటడం మానేశారు. నడకకు రమ్మని స్నేహితుడొస్తే మోకాళ్ళ నొప్పులన్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికంటే, "ఉన్న చూపేదో పోతుందన్నట్టు ఎందుకమ్మా" అని నవ్వేశారు. తను చేసిన తప్పేమిటో తెలియక ఆమె లోలోపల నలిగిపోయింది. భర్తకు ఫోన్‌లో చెబితే, "ముసలితనం, అంతే. వదిలెయ్" అన్నాడు.

కొన్నాళ్ళకు ఆయనకు చలిజ్వరం వచ్చింది. ఇంటికొచ్చి చూసిన డాక్టరు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నాడు. మందులు రాసి, "ఈయన అసలు నీళ్ళు తాగుతున్నారా?" అని అడిగాడు. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. ఆ ఆదివారానికి ముందు కూడా, బయటికి వెళ్ళే రోజున ఆయన పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టేవారు కాదు. ఇప్పుడు ఇంట్లో ఉండి కూడా ఆ అలవాటు వదల్లేదు. ఎవరైనా ఎక్కడికైనా రమ్మంటారేమోనన్న భయం.

డాక్టరు వెళ్ళాక ఆమె మంచం పక్కన కూర్చుంది. "మామయ్యా, ఆరోజు లోపల ఏం జరిగింది?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. కోడలితో చెప్పే మాట కాదు. కానీ చెప్పడానికి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

"సబ్బు కోసం వెతికానమ్మా" అన్నారు. "కుళాయి దొరికింది. సబ్బు ఎక్కడుందో తెలీలేదు. గోడంతా తడిమాను. ఎక్కడో జుయ్యిమంది, మోచేతి మీద ఏదో పడింది. అది సబ్బో నీళ్ళో కూడా తెలీలేదు. ఇంకొంచెం పక్కకి జరిగి చెయ్యి చాపాను." దుప్పటి మెడ దాకా లాక్కున్నారు. "అక్కడ ఎవరో మనిషి నిలబడి ఉన్నాడు. నా చెయ్యి అతని నడుం మీద పడింది. ముసలాడివై ఉండి ఇవేం బుద్ధులు అంటూ తోసేశాడు. పక్కనెవరో నవ్వారు."

"కనపడదని చెప్పొచ్చు కదా మామయ్యా!"

"నోరు పెగల్లేదే తల్లీ. కర్ర నీ దగ్గర ఉండిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే వచ్చేశాను."

ఆమె దుప్పటి సర్ది, గ్లాసుతో నీళ్ళు ఆయన చేతికిచ్చి, తాగేదాకా అక్కడే కూర్చుంది. ఆ షాపింగ్ బిల్డింగుకు రాసింది ఆమె కాదు, వేరే ఎవరో. కానీ అక్కడున్నదీ, టెర్మినల్‌కు తను రాసిందీ అక్షరాలా ఒకటే.

మర్నాడు పెద్దసారు గదికి వెళ్ళి సబ్బు డిస్పెన్సర్లు మళ్ళీ రాస్తానంది.

"అంతా అయిపోయాక ఇప్పుడు మార్చడమేంటమ్మా?" అని ఆయన విసుక్కున్నారు. ఆమె జరిగింది చెప్పింది, మామగారని మాత్రం చెప్పలేదు. ఆయన మెత్తబడ్డారు గానీ ఒప్పుకోలేదు. "పాపమే. కానీ అలాంటివాళ్ళు ఎంతమంది వస్తారు చెప్పు?"

"రావడమే మానేస్తే ఎంతమందో మనకెలా తెలుస్తుంది సార్?"

ఆయన కాసేపు టేబుల్ మీద వేళ్ళతో తాళం వేసి, "సరే, నమూనా కట్టించి చూపించు" అన్నారు.

ఆఫీసు వెనక సామాన్ల గదిలో ప్లంబరు చేత రెండు బేసిన్లతో ఒక గట్టు కట్టించింది. ఈసారి డిస్పెన్సర్ గోడకు కాదు, గట్టులోనే, కుళాయి పక్కనే. ఒక్కో బేసిన్‌కు ఒక్కోటి. చెయ్యి గట్టు అంచు పట్టుకుంటే చాలు, అంచు వెంబడే పోయి సబ్బు కారే గొట్టం ముక్కు దొరుకుతుంది. ఇంటికొచ్చి, ఒక్కసారి వచ్చి చూడమని మామగారిని అడిగింది.

ఆయన మండిపడ్డారు. "నా అవస్థ నలుగురికీ చూపించి మెప్పు సంపాదిస్తావా?"

ఆ ఇంట్లో ఆయన ఆమెతో అంత కటువుగా మాట్లాడడం అదే మొదలు. ఆమె ఆఫీసులో తనే కళ్ళకు గుడ్డ కట్టుకుని గట్టు దగ్గర నిలబడింది. అన్నీ చేతికి ఇట్టే దొరికాయి. దొరకవూ మరి, కట్టించింది తనేగా! ఆ మాటే ఇంట్లో ఆయనకు చెప్పింది. "గుడ్డ కట్టుకుని చూశాను మామయ్యా. నాకేం అర్థం కాలేదు."

ఆయన ముఖంలో చాలారోజుల తర్వాత నవ్వులాంటిది కదిలింది. "గుడ్డ విప్పేయొచ్చని నీకు తెలుసుగా. ఇంక నీకు భయమెందుకేస్తుంది?" ఆయనే అన్నారు, "వస్తాను గానీ ఒక షరతు. అక్కడ ఎవరూ ఉండకూడదు. నువ్వు కూడా."

సెలవురోజు ఆఫీసులో ఎవరూ లేని వేళ తీసుకెళ్ళింది. ఆయన కర్రతో లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఆమె వసారాలో గోడకు ఆనుకుని నిలబడింది. లోపల కర్ర గట్టుకు తగిలిన చప్పుడు. తర్వాత, సరిగ్గా డ్రైవింగ్ నేర్పేటప్పటి గొంతుతో, ఆయన కేకేసి చెప్పడం మొదలుపెట్టారు.

"అంచు దొరికింది! బాగుంది, జారడం లేదు. కుడికి పోతున్నా... ఇదేదో ఉంది. కుళాయా, సబ్బా? అమ్మాయ్, రెండూ ఒకేలా ఉన్నాయే!"

"చెయ్యి కింద పెట్టి చూడండి మామయ్యా!"

"పెట్టాకే కదా తెలిసేది. ఇదుగో, సబ్బు. చొక్కా మీద పోసింది. నీ యంత్రం దుంప తెగ!"

తిడుతున్నారంటే మళ్ళీ మామూలు మనిషవుతున్నారన్నమాట. ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వు ఆపుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు మనసులో పెట్టుకుంది. సబ్బు ముక్కు పొట్టిగా, పలకలుగా ఉండాలి, కుళాయి గుండ్రంగా, పొడుగ్గా. మొత్తం భవనంలో ఎక్కడ చూసినా సబ్బు కుడివైపునే. చెయ్యి అలా రాసుకుపోతే కాదు, కిందకొచ్చి నిలిస్తేనే పోయాలి. పోసినప్పుడు టిక్కుమని చప్పుడు చెయ్యాలన్నది ఆయన కోరిక.

పెద్దసారు వచ్చి చూసి అన్నిటికీ సరేనన్నారు గానీ, టిక్కుమనడం ఒప్పుకోలేదు. అన్ని బేసిన్లూ ఒకేసారి టిక్కుటిక్కుమంటుంటే జనం విసుక్కుంటారన్నారు. ఆమె ఎంత వాదించినా కుదరలేదు. ఆ ఒక్కటీ పోయింది. మిగతాది అలాగే కట్టారు. టెర్మినల్ తెరిచాక ఒకసారి వెళ్ళొద్దామంటే మామగారు, "నాకు ఏ బస్సు ఎక్కే పని ఉందని?" అని కొట్టిపారేశారు. కానీ నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. నడకకు మళ్ళీ వెళ్ళసాగారు, వీధి చివరి దాకానే.

కంటి ఒత్తిడి చూపించుకోవడానికి కళ్ళాసుపత్రికి వెళ్ళక తప్పని రోజు వచ్చింది. కళ్ళలో మందు వేశాక చాలాసేపు కూర్చోబెట్టారు. ఆమె తెచ్చిన సీసాలో నీళ్ళు ఆయన సగం తాగారు. ఇంకా పిలుపు రాలేదు. ఆయన కుర్చీలో ఇటూ అటూ కదిలారు.

"ఎవరినైనా సాయం పిలవనా మామయ్యా?" అని ఆమె మెల్లగా అడిగింది.

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి, తల వంచుకుని ఆలోచించారు. "తెలీనివాళ్ళెందుకు? నువ్వే రా" అన్నారు.

ఆమె మగవాళ్ళ బాత్‌రూము తలుపు తట్టింది. "లోపల ఎవరైనా ఉన్నారా? మా మామగారికి చూపు లేదు. ఆయనతో నేను కూడా వస్తున్నాను."

లోపల చేతులు కడుక్కుంటున్న నడివయసు మనిషి బయటికొచ్చి, ఒక్క మాటైనా అనకుండా తలుపు తెరిచి పట్టుకున్నాడు. వాళ్ళు లోపలికి వెళ్ళాక, ఎవరూ రాకుండా తనే బయట కాపలాగా నిలబడ్డాడు.

ఆయన పని కానిచ్చుకునేంతసేపూ ఆమె బేసిన్ల దగ్గర గోడవైపు తిరిగి నిలబడింది. అక్కడి డిస్పెన్సర్ ఎక్కడో దూరంగా, అద్దం చివర గోడకు ఉంది. ఆయన కర్రతో నేల తడుముకుంటూ వచ్చాక, మణికట్టు పట్టుకుని చెయ్యి దాని కిందకు చేర్చింది. సబ్బు పడింది. మళ్ళీ బేసిన్ దాకా తీసుకొచ్చి నీళ్ళ కింద పెట్టింది.

ఆయన తొందరపడలేదు. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు, అన్నీ ఓపిగ్గా రుద్దుకున్నారు. ఆ చేతులు ఎంత సన్నబడిపోయాయో ఆమె అప్పుడే గమనించింది. కడుక్కోవడం అయ్యాక చేతులు ఆమెవైపు చాపి, "సబ్బు పూర్తిగా పోయిందా అమ్మా?" అని అడిగారు.

"ఎడమ బొటనవేలి దగ్గర కొంచెం ఉంది మామయ్యా."

ఆయన మళ్ళీ కుళాయి కింద చెయ్యి పెట్టారు.