మేకలకు పల్లీ పొట్టు

మా ఆయన సుందర్ రావుకు పల్లీ పొట్టు పిచ్చి పట్టిన ఏడాది వానలు పడలేదు. మట్టెవాడలో మేము అద్దెకున్న ఇంటి వెనక పల్లీలు వేయించే బట్టీ ఉండేది. అక్కడ చెరిగిన ఎర్రటి పొట్టంతా గాలికి లేచి మా ఇంట్లోకే వచ్చేది. అన్నంలో పొట్టు, ఆరేసిన బట్టల మీద పొట్టు, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర మడతల్లో పొట్టు. నేను చీపురు పట్టుకుని బట్టీవాళ్లను తిట్టుకుంటుంటే, ఈయన ఆ పొట్టును గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు. నోట్లో వేసుకుని నమిలేవాడు కూడా.

"ఇంత వగరు ఊకెనే ఉండదు కృపా. ఇండ్ల ఏదో ఉన్నది" అనేవాడు.

ఉంటే మాకేమి ఒరుగుతుందని నాకుండేది. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు గానీ అది టెంపరరీ కొలువు. ఏటా ఎండాకాలం రాగానే తీసేస్తారేమోనన్న దిగులు. ఆ ఏడు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దసారు ఈ పొట్టు సంగతి విన్నాడు. గడ్డి కరువులో పశువులకు తవుడు బదులు ఇది పనికొస్తుందని ప్రయోగం చేసి చూపిస్తే, పర్మనెంటు చేయమని తానే రాస్తానన్నాడు. ఆ రోజు నుంచి నేను పొట్టును తిట్టడం మానేశాను. అవసరం అలాంటిది.

మా వీధి చివర సోమక్క దగ్గర నాలుగు మేకపిల్లలుండేవి. ఒకే ఈడు, నాలుగూ కారునలుపు. రెండింటికి వట్టి తవుడు పెట్టాలి, రెండింటికి సగం తవుడు, సగం పొట్టు. పొట్టు తినేవాటి మెడలకు ఎర్రదారం కట్టాలి. వారం వారం బస్తాలో వేసి తూకం వేస్తే, ఏవి ఎంత పెరిగాయో చివరికి అదే తేలుతుంది. నాకు కూడా అర్థమైందంటే ఎంత తేలికైన ప్రయోగమో చూడండి.

కానీ ఏమీ తేలలేదు. ఎర్రదారం పిల్లలు ఒక వారం అమాంతం బలిసేవి, మరో వారం చిక్కిపోయేవి. అవి చిక్కిన వారం దారం లేనివి బలిసేవి. ఈయన ముందు తక్కెడను అనుమానించి ఇంకోటి అరువు తెచ్చాడు. తర్వాత కడుపులో పురుగులేమోనని మందు తాగించాడు. ఆఖరికి తన కళ్లనే అనుమానించి అద్దాలు మార్పించుకున్నాడు.

"నువ్వన్న చూడు కృపా, నాకు మతి పోతాంది" అని నన్ను తూకానికి తీసుకెళ్లాడు. చూశాను. నా మతీ పోయింది. బుధవారం ప్రార్థన కూటంలో మేకల కోసం ప్రార్థించమని అడగడానికి మొహం చెల్లక మనసులోనే చేసుకున్నాను.

ఒక పొద్దున తవుడు ఇచ్చి వద్దామని వెళ్లేసరికి, సోమక్క మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని దాని మెడలోని ఎర్రదారం విప్పుతోంది. విప్పి, పక్కదానికి కట్టింది.

"అదేంది సోమక్కా, దారం ఎందుకు మారుస్తానవ్?"

"వంతు మారుస్తాన అమ్మా" అంది తొణక్కుండా. "సారు ఎర్రదారం ఉన్నయాటికి పొట్టు పెట్టుమన్నడు, పెడ్తాన. కానీ ఎప్పుడు గయ్యే తినాల్నా? ఒక వారం ఇవి, ఒక వారం అవి."

బలిసిందీ చిక్కిందీ మేకలు కాదు. దారం ఒకదాని మెడలోంచి ఇంకోదాని మెడలోకి పోయింది, అంతే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నల్లగా ఉన్నవన్నీ ఒకటేననుకునే మొగుణ్ని ఏమనాలి?

సంగతి తెలిసి ఈయన పరుగున వచ్చాడు. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

"నా బతుకు ఆగం జేసినవ్ సోమక్కా!"

ఆమె బెదరలేదు. "పొట్టు మంచిదా, చెడ్డదా సారూ?"

"అది తెల్వకనే గద ఈ తిప్పలన్ని!"

"తెల్వనప్పుడు సగంటికి పెట్టి సగంటికి పెట్టకుంటే ఎట్ల? మంచిదైతే అన్ని తినాలె, చెడ్డదైతే అన్ని పడాలె. మా అవ్వ ఒక్క బంతిల కూసోబెట్టి నా తమ్ములకు పెరుగు పోసేది, నాకు సల్లనీళ్లు పోసేది. గా పంక్తిభేదం నా చేతులతోని కాదు."

ఈయన పెద్దసారును బతిమాలి ఇంకొంత గడువు తెచ్చుకున్నాడు. మళ్లీ అడిగితే కుదరదన్నాడట. ఈసారి నాలుగు పిల్లల్నీ మా పెరట్లోకే తెచ్చి, తనే రెండు గుంజలకు కట్టి, తనే తిండి పెట్టడం మొదలుపెట్టాడు.

వారం దాటేసరికి పొట్టు తినేవాటికి ఆ వగరు వెగటు పుట్టింది. ఇవతలి రెండూ తవుడు తింటుంటే అవతలి రెండూ తాళ్లు తెగేలా గుంజుతూ అరిచేవి. ఈయన తలుపు మూసుకుని లోపల కూర్చునేవాడు.

"వినకు కృపా. సైన్సుల జాలి పనికిరాదు" అనేవాడు. నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం బావి నుంచి బిందెతో వస్తూ చూశాను. కాలేజీకి పోయాడనుకున్న మనిషి పొట్టు మేకల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల నిండా తవుడు. అవి ఆయన అరచేతులు నాకుతున్నాయి. కంచే చేను మేస్తోంది! అరవబోయి ఆగిపోయాను. చప్పుడు చేయకుండా బావి దగ్గరికే తిరిగి పోయాను. ఒళ్లు మండింది. ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమా కలిగింది. ఆ రెండూ ఒక్కసారే ఎలా వస్తాయో నాకిప్పటికీ తెలియదు.

పెద్దసారు వచ్చాడు. నాలుగు పిల్లలూ సమానంగా పెరిగాయి. "భేష్! పొట్టు పెట్టినా తేడా లేదన్నమాట!" అని ఈయన భుజం తట్టాడు. నేను చాయ్ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఈయన నోరు మెదపకుంటే చాలు, కొలువు మాది. మెదపొద్దు దేవా అనుకున్నాను.

"లేదు సార్" అన్నాడు ఈయన. "పొట్టు తినేటియాటికి నేనే చాటుగ తవుడు పెట్టిన. ఈ లెక్క చెల్లదు."

"ఎందుకు పెట్టావయ్యా?"

"ఏమో సార్."

పెద్దసారు చాయ్ సగం తాగి లేచాడు.

సాయంత్రం మేకల్ని తోలుకుపోవడానికి సోమక్క వచ్చింది. "ఇంతకు పొట్టు మంచిదేనా సారూ?"

"తెల్వదు సోమక్కా. ఇగ తెలిసేటట్టు లేదు."

"మరి నౌకరి?"

ఈయన వంగి తాళ్లు విప్పుతూ ఉండిపోయాడు.

"పోయింది" అన్నాను నేనే. ఎందుకు పోయిందో కూడా చెప్పాను.

సోమక్క నమ్మలేనట్టు నా మొహంలోకి చూసింది. "పిడికెడు తౌడుకు నౌకరి పోతదా అమ్మా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన మేకల వైపు చూశాడు.