లింగాచారి పెద్ద కళ్ళు

నేను ఒక కళ్ళజోడుని. ప్లస్ నాలుగు, మధ్యలో లావు, అంచుల్లో సన్నం. బందరులో ఒక అద్దాల కొట్టువాళ్ళు నన్ను అరగదీసి, పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే లింగాచారి ముక్కు మీద కూర్చోబెట్టారు. నాలోంచి ఆయన కళ్ళు ఇంతింత కనపడేవి. పెళ్ళిచూపుల్లో సువర్చల మెచ్చింది ఆ కళ్ళనే. ఆ ఘనత నాదని ఆయన ఈనాటికీ ఒప్పుకోలేదు.

అచ్చు మీదికి వంగినప్పుడల్లా చెమటకు జారిపోతున్నానని నా మీద కోపం. నలభయ్యో ఏట విజయవాడ వెళ్ళి లేజరు చేయించుకున్నారు. జేబులో ఉండి డాక్టరమ్మ మాటలన్నీ విన్నాను.

"దగ్గరివి కనిపిస్తున్నాయని సంబరపడకండి. కంటి పైపొర కుదురుకోడానికి నెలలు పడుతుంది. పవరు కొంత వెనక్కి రావచ్చు. మూడో నెలా ఆరో నెలా కొలత ఒకటే వచ్చేదాకా సన్నపని ముట్టుకోకండి."

పవరు వెనక్కి వస్తే నేనూ వస్తాను కదా! ఉలుల పెట్టెలో పడేసినా ఆ ఆశతోనే పడున్నాను.

ఆయనకు ఓపికెక్కడిది? రోజూ పొద్దున్నే తన పాత నెమలి అచ్చు తీసి, బొటనవేలితో తడుముతూ ఈకలు లెక్కపెట్టేవారు. "ఇరవై ఒకటీ కనిపిస్తున్నాయే!" అని మురిసిపోయేవారు. ఎందుకు కనిపించవు? చెక్కింది ఆయనే. ఆ ఈకలను చూస్తున్నది వేలు, కన్ను కాదు. ఆ ధీమాతో మూడో నెల పరీక్షకు ఎగనామం పెట్టి, కొత్త తీగల అచ్చు మొదలుపెట్టారు. తీగ కొనలన్నీ తెగిపోయాయి.

సువర్చలకు అనుమానమొచ్చింది. పుట్టింటి నుంచి ఒక అచ్చు తెచ్చి ఎదురుగా పట్టుకుంది.

"ఇది మా అన్నయ్య చెక్కింది. చేతులు వెనక్కి పెట్టుకుని, పువ్వుకి ఎన్ని రేకులో చెప్పండి."

ఆయన చూశారు, చూశారు. చెప్పలేకపోయారు.

"నా పని ఇక అయిపోయినట్టేనంటావా?" అన్నారు. పెట్టెలో సంబరపడుతున్న నాకు సిగ్గేసింది.

పరుగున విజయవాడ వెళ్తే, పవరు ఒకటింపావు వెనక్కి వచ్చిందన్నారు. ఇంకా జారుతుందో ఆగుతుందో తెలియదన్నారు. మూడు నెలలు ఉలి ముట్టకుండా, నెమలిని తడమకుండా కూర్చున్నారు. మళ్ళీ కొలిచారు. అదే ఒకటింపావు. ఆగింది! డాక్టరమ్మ ఎదుటే ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నా బదులు ఒక పల్చటి పిల్ల జోడు వచ్చింది. తీగలు మళ్ళీ వంకర లేకుండా సాగుతున్నాయి.

నేనింకా పెట్టెలోనే ఉన్నాను. అప్పుడప్పుడు సువర్చల నన్ను తుడిచి ఆయన ముక్కు మీద పెడుతుంది.

"ఒసేయ్, ఎదుటి గోడే మసకగా ఉంది, ఏమీ కనపడి చావట్లేదు!"

"మీరు చూడ్డానికి కాదు లెండి," అంటూ ఆ పెద్ద కళ్ళలోకి తనివితీరా చూసుకుంటుంది.