చిన్నదొర కాగితాలకు ఎండ

బెనీబా అప్పటికే సగం కాగితాలు పరిచేసింది. బంగళా వెనక రాతి గచ్చు మీద తెల్ల దుప్పటి, దాని మీద వరుసగా కాగితాలు, ఒక్కోదాని మూలల మీద ఏటి గులకరాళ్ళు. మా జమైకా గాలిలో కాగితమన్నది బతకాలంటే వారానికోసారైనా ఎండ చూడాలి. లేకపోతే ముందు బూజు, తర్వాత చెదలు, ఆపైన పెట్టెలో పిడికెడు మట్టి. బెనీబా మోకాళ్ళు బిగుసుకుపోయి చెరుకు తోటలో పార పట్టలేని మనిషైంది కాబట్టి దొరసాని ఆమెకు ఈ పని అప్పగించింది.

కాగితాలన్నీ చిన్నదొర జెర్వస్‌వి. సముద్రానికి అవతల, ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్నాడు. కొడుకు చెయ్యి తగిలిన ఏ ముక్కనూ దొరసాని పారేయనిచ్చేది కాదు. ఉత్తరాలు, ఎముకల బొమ్మలు, దర్జీ చీటీలు, విసుగుపుట్టి సగంలో వదిలేసిన పద్యాలు, అన్నీ ఓడెక్కి వచ్చి దేవదారు పెట్టెలో చేరేవి.

బెనీబాకు అక్షరం ముక్క రాదు. అయినా ఒక కాగితాన్ని మాత్రం అన్నిటికంటే చివర పరిచేది, నింపాదిగా చూసుకోవచ్చని. చిన్నదొర సిరాతో తన గది బొమ్మ గీసుకున్నాడు. బల్ల, చలిమంట, కిటికీ. కిటికీ దగ్గర కోటు దులుపుతూ, ఇటు వీపు పెట్టి నిలబడ్డ మనిషి. మొహం లేదు. ఎడమ చెవి మాత్రం పైన మడతపడి ఉంది. ఆ చెవిని కన్నది బెనీబా. ఆమె ఒక్కగానొక్క కొడుకు క్వాకోను చిన్నదొర వెంట నౌకరుగా ఓడెక్కించి పంపారు. పంపమంటావా అని బానిస తల్లిని అడిగినవాళ్ళు లేరు.

"ఏమే, కాగితాలకు జోల పాడుతున్నావా?" అంటూ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది జూబా. వంట ఆమెదే, ఊళ్ళో కబుర్లూ ఆమెవే.

"నువ్వొచ్చి పాడవే. నీ గొంతు వింటే చెదలన్నీ పారిపోతాయి."

"సరేలే. రేవు నుంచి ఉత్తరం వచ్చింది. దొరసాని కళ్ళజోడు వెతుక్కుంటోంది."

బెనీబా ఇంకో రాయి అందుకుంది కానీ ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఉత్తరం వచ్చిన రోజున దొరసాని వెనక వరండాలో కూర్చుని పైకి చదువుకునేది. అందులో ఎక్కడో ఒక్క ముక్క దొర్లేది. క్వాకోకు దగ్గు తగ్గిందనో, నా పాత చొక్కా క్వాకోకు ఇచ్చాననో. ఆ ముక్క నమలుకుంటూ బెనీబా మళ్ళీ ఓడ వచ్చేదాకా గడిపేది.

ఆ రోజు ఉత్తరంలో చలి ఉంది, గురువుగారి చిరాకు ఉంది. ఆ తర్వాత దొరసాని గొంతు ఆగిపోయింది. మిగతాది మనసులో చదువుకుని తలెత్తింది.

"నీ కొడుకు పారిపోయాడే."

బెనీబా చేతిలోని గులకరాయిని కొంగున ముడేసుకుంది.

"బూట్లు బాగుచేయించుకొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదట. మా అబ్బాయి బూట్లు కూడా పోయాయి. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుందమ్మగారూ? రేవుదాకా అయినా పోనిచ్చారా నన్ను?"

"ఎక్కడికి పోతాడులే. బొడ్డుతాడు పాతిన చోటికి మీవాళ్ళు పిలవకపోయినా వస్తారటగా. చలి కరిస్తే వాడే వస్తాడు. గొలుసు వేయించి గానుగలో పెట్టిస్తాను. నువ్వే చూద్దువుగాని."

"చిత్తం" అంది బెనీబా. దొరసాని ముందు నవ్వూ ఏడుపూ మొహం మీదికి రానివ్వకూడదని మావాళ్ళు బిడ్డలకు ఉగ్గుతో పాటే నేర్పుతారు.

మధ్యాహ్నం దొరసాని నిద్రకు ఒరిగాక బెనీబా తన గుడిసెకు నడిచింది. గుడిసె వెనక కొబ్బరిచెట్టు. క్వాకో పుట్టిన తొమ్మిదోనాడు వాడి బొడ్డుతాడు పాతి, దాని మీద నాటిన చెట్టు అది. మనిషి ఎంత దూరం పోయినా తన చెట్టు పట్టి లాగుతూనే ఉంటుంది. అందుకే ఆమె ఇన్నేళ్ళూ రోజూ కడుగునీళ్ళు దాని మొదట్లో పోసి, రారా నాయనా అనుకునేది. ఇప్పుడు చూస్తే పోసిన ప్రతి చెంబూ వాడి మెడకు తాడు పేనినట్టు అనిపించింది. పొరుగింటి గొడ్డలి అడిగి తెచ్చుకుంది.

నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో జూబా పరుగెత్తుకొచ్చింది.

"ఒసేయ్, ఆపవే! బతికున్నవాడి చెట్టు ఎవరైనా నరుకుతారా? చచ్చినవాడిదే నరుకుతారు. వాణ్ణి నీ చేత్తో నువ్వే చంపుకుంటావా?"

"చెట్టుంటే వస్తాడు."

"రానీ! కళ్ళారా చూసుకుందువు."

"గొలుసుతోనా?"

జూబా గొడ్డలి పిడి పట్టి ఆపింది. "ఆ చలిలో చచ్చిపోతే?"

"చస్తే అక్కడే చస్తాడు. దొర బూట్లు తొడుక్కుని చస్తాడు."

జూబా కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇటియ్యి, నీకు నరకడం కూడా రాదు" అని గొడ్డలి లాక్కుంది. ఇద్దరూ మార్చి మార్చి కొట్టారు. చెట్టు పెండలపు పాదుల మీదికి ఒరిగింది. చప్పుడుకు బయటికొచ్చిన ఆడవాళ్ళు పడిపోయిన చెట్టును చూసి ఏమీ అడగలేదు. అలవాటు ప్రకారం క్వాకో పేరెత్తి శవం మీద ఏడ్చినట్టే ఏడ్చారు. బెనీబా కూడా ఏడ్చింది. ఏమాటకామాటే చెప్పాలి, అది దొంగ ఏడుపు కాదు.

అప్పుడు పడ్డాయి చినుకులు, కొండ మీంచి, పెద్దవి.

"ఏమేవ్, కాగితాలు!" అంది జూబా.

"తెలుసు" అంది బెనీబా. మోకాళ్ళు లేవనివ్వలేదో, ఆమే లేవలేదో నేను చెప్పలేను.

దొరసాని నిద్రలేచేసరికి గచ్చు మెట్ల మీంచి నల్లటి నీళ్ళు జారుతున్నాయి. ఎముకలు పోయాయి, పద్యాలు పోయాయి. కిటికీ దగ్గరి మనిషి కూడా ఎవరికీ చెప్పకుండా ఆ నీళ్ళలోనే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బెనీబా వీపుకు ఏం జరిగిందో రాయను. మావాళ్ళకు రాయనక్కరలేదు. రేపటి నుంచి చెరుకు తోటకు రమ్మన్నారు. దీపాలవేళ జూబా పడిన చెట్టు బొండం ఒకటి చెక్కి తెచ్చింది.

"తాగవే. వాడి చెట్టుది. ఇంకెప్పుడూ దొరకదు."

"పొద్దున తాగుతాలే."

ఆ మోకాళ్ళతో ఆమె చెరుకు కోతలదాకా కూడా నిలవలేదు. గట్టు మీద కూర్చుని మళ్ళీ లేవలేదని పక్క సాలులో వాళ్ళు చెప్పారు. క్వాకో రాలేదు. ఉన్నాడో లేడో చెప్పిన ఓడా రాలేదు.

చెట్టు నరికిన మర్నాడు తెల్లవారుజామున పనికి పిలిచే శంఖం ఊదగానే ఆమె పార భుజాన వేసుకుని వరుసలో కలిసిపోయింది. గుమ్మం పక్కన బొండం, రాత్రి వాన నీళ్ళు కలిసి అంచుదాకా నిండి, అలాగే ఉండిపోయింది.